అమెరికా పశ్చిమాన బాల్యం: గనులు, పశుక్షేత్రాల తొలి వలస కుటుంబాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ ప్రాంతంలో, సుమారు 1849 నుంచి 1920 వరకు, ఖనిజాల వేటనూ పశుపోషణనూ జోడించి బతికిన వలస కుటుంబాల్లో పిల్లలు ఎలా పెరిగారన్నది ఈ వ్యాస విషయం. కాలిఫోర్నియా, నెవాడా, కొలరాడో, మోంటానా, అరిజోనాలు ఈ చరిత్రకు ముఖ్య స్థలాలు. జనం జ్ఞాపకంలో ఈ బాల్యానికి రెండు రూపాలున్నాయి. ఒకటి, గుర్రమెక్కి కొండలు తిరిగిన స్వేచ్ఛ. రెండోది, కష్టంలో రాటుదేలిన స్వావలంబన. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. అయితే భూమి చట్టాలు, గని చట్టాలు, కుటుంబాల ఆదాయ మార్గాలు కలిపి చూస్తే మూడో సంగతి బయటపడుతుంది. నిలకడలేని గని ఆదాయాన్నీ రోజూ చాకిరీ కోరే పశువుల మందనూ ఒకే సంసారంలో ఇమడ్చగలిగింది ప్రధానంగా పిల్లల శ్రమ. తర్వాతి కాలంలో సమాజం గనిపనిని ‘బాలకార్మికత’గానూ, మందపనిని ‘పెంపకం’గానూ విడదీసింది. ఆ విభజనకు ఆధారం పనిలోని కష్టం కన్నా, ఆ పని ఎవరి సొత్తు మీద జరిగిందన్నదే.

గని, మంద: ఒకే సంసారం

1848 జనవరి 24న కాలిఫోర్నియాలో సట్టర్ కోత మిల్లు దగ్గర జేమ్స్ మార్షల్ కంట బంగారం పడింది. మరుసటి ఏడాది నుంచి జనం వెల్లువెత్తారు. 1858–59లో కొలరాడోలోని పైక్స్ పీక్ ప్రాంతం, 1859లో నెవాడాలో కామ్‌స్టాక్ వెండి నిక్షేపం, 1862లో మోంటానాలో బ్యానక్, 1863లో అక్కడే ఆల్డర్ గల్చ్ వరసగా పేరుకెక్కాయి. గనివాడ వెలిసిన ప్రతిచోటా మాంసానికీ పాలకూ వెన్నకూ గిరాకీ పుట్టింది. దూరం నుంచి బండ్ల మీద తెచ్చే సరుకు ఖరీదు ఎక్కువ కనుక దగ్గరి లోయలో పశువులున్నవాడికి నిశ్చయమైన సంత దొరికింది. కాన్రాడ్ కోర్స్ చరిత్ర దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. హోల్‌స్టైన్ నుంచి వచ్చిన అతడు 1862లో బంగారం కోసం మోంటానా చేరి, బ్యానక్‌లో మాంసం కొట్టు నడిపి, 1866లో డీర్ లాడ్జ్ లోయలో జానీ గ్రాంట్ పశుక్షేత్రాన్ని కొన్నాడు. ఆ క్షేత్రం 1972 నుంచి జాతీయ చారిత్రక స్థలంగా ఉంది. కోర్స్ స్థాయి అందుకున్నవారు కొద్దిమందే అయినా అదే లెక్కను చిన్న కుటుంబాలు చిన్న ఎత్తున పాటించాయి. వాగు ఇసుకను కడిగి బంగారం తీసే పని నీళ్లు పారే నెలలకే పరిమితం. రాతిగని కూలి డబ్బు రూపంలో చేతికందేది కానీ గని మూతపడితే అదీ ఉండదు. ఆవులు డబ్బు తక్కువిచ్చినా తిండి తప్పకుండా ఇచ్చేవి. ఇందులో చిక్కు ఒక్కటే. తండ్రి ఖనిజం వెతుకుతూ వారాల తరబడి కొండల్లో ఉండవచ్చు గాని, పాలు పితికే వేళ అతడి కోసం ఆగదు. ఆ వేళకు దొడ్డిలో ఉండవలసినవారు తల్లి, పిల్లలు.

భూమి చట్టాలు, పిల్లల వయసు

ఈ ఏర్పాటును ప్రభుత్వ చట్టాలు పరోక్షంగా బలపరిచాయి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కుటుంబ పెద్దకు గాని, 21 ఏళ్లు నిండినవారికి గాని 160 ఎకరాలు ఇచ్చింది. ఐదేళ్లు అక్కడే కాపురముండి సాగుచేయడం షరతు. 1872 గనుల చట్టం ప్రకారం రాతిసిర మీద ఒక హక్కు గరిష్ఠంగా 1500 అడుగుల పొడవు, 600 అడుగుల వెడల్పు. పట్టా వచ్చేదాకా ఏటా 100 డాలర్ల విలువైన పనో, అభివృద్ధో చూపించకపోతే ఆ హక్కు ఇతరుల పాలయ్యేది. రెండింటినీ నిలబెట్టుకోదలచిన కుటుంబం తన మనుషులను రెండుచోట్ల ఉంచాలి. గనిహక్కు మీద తండ్రి సుత్తి, ఉలి పడుతుంటే, భూమి మీద కాపురం ఉందని నిరూపించేది పొయ్యి వెలిగించే తల్లీ, దూడలు కట్టే పిల్లలూ. వానలు తక్కువైన నేలలో 160 ఎకరాల గడ్డి మందకు చాలదు. అందుకే బిడ్డలు 21 ఏళ్లకు రావడం కుటుంబానికి భూవిస్తరణ అవకాశమైంది. కొడుకే కాదు, పెళ్లికాని కూతురూ తన పేర పక్క భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1877 ఎడారి భూముల చట్టం నీరు పారించే షరతుతో ఎకరం 1.25 డాలర్ల చొప్పున 640 ఎకరాల దాకా అవకాశమిచ్చింది. 1909లో హోమ్‌స్టెడ్ పరిమితి 320 ఎకరాలకు పెరిగింది. 1916లో పశుపోషణ కోసం 640 ఎకరాలిచ్చిన చట్టం మాత్రం భూగర్భ ఖనిజాలను ప్రభుత్వానికే అట్టిపెట్టింది. పై గడ్డి ఒకరిది, కింది ఖనిజం మరొకరిది అన్న ఆ నిబంధనతో గనినీ మందనూ ఒకే గడపకు కట్టిన పాత ఏర్పాటు చట్టం దృష్టిలోనూ విడిపోయింది.

పనుల పంపకం

గనివాడ చుట్టూ పిల్లలు చేసిన పనులు చిన్నవిగా కనిపిస్తాయి గాని అన్నీ కలిస్తే పెద్ద మొత్తమే. ఉయ్యాలలా ఊపుతూ ఇసుక కడిగే పెట్టెను ఊపడం, నీళ్లు మోయడం, కట్టెలు ఏరడం, గుడ్లూ వెన్నా ఇంటింటికీ అమ్మడం, సారాయి దుకాణాల నేల మీది రంపపు పొట్టును కడిగి రాలిన బంగారు రజను పట్టడం వాటిలో కొన్ని. రాంచ్ అని అక్కడివారు పిలిచే పశుక్షేత్రంలో తప్పిపోయిన పశువులను వెతకడం, పాలు పితకడం, వెన్న చిలకడం, దూడలకు గుర్తు వాతలు వేసేటప్పుడు పట్టుకోవడం, కంచె బాగుచేయడం ఉండేవి. తండ్రి లేని రోజుల్లో ఆడపని, మగపని అన్న హద్దు చెరిగిపోయేది. అరిజోనాకు చెందిన షార్లట్ హాల్ జీవితం ఇందుకు సాక్ష్యం. 1870లో కాన్సస్‌లో పుట్టిన ఆమె కుటుంబంతో బండి మీద వచ్చి 1882లో ప్రెస్కాట్ ప్రాంతం చేరింది. దారిలో గుర్రం మీద నుంచి పడి తగిలిన వెన్ను దెబ్బ జీవితాంతం బాధించింది. తండ్రి లింక్స్ వాగు దగ్గర బంగారం పని చూశాడు. తర్వాత కుటుంబం ఆర్చర్డ్ రాంచ్‌లో స్థిరపడింది. బడి చదువు కొద్దికాలమే సాగిన ఆ పిల్ల రాంచ్ పనులు మోస్తూనే రచయిత్రి అయింది. 1909లో అరిజోనా ప్రాంతీయ చరిత్రకారిణిగా నియమితురాలై, ఆ ప్రాంతంలో అలాంటి పదవి పొందిన తొలి మహిళగా నిలిచింది. ఆమె ఎదుగుదలను ఆ బతుకు ఇచ్చిన వరంగా చెప్పడం మామూలే. కానీ అదే బతుకు ఆమె బడిని కుదించి, ఒంటికి మానని నొప్పినిచ్చింది. లెక్కలో రెండు పక్కలూ రాయాలి.

రెండు దెబ్బలు: 1886–87, 1893

పిల్లల శ్రమ కాలక్రమంలో తగ్గుతూ వచ్చిందనుకోవడం సహజం. పశుక్షేత్రాల్లో మాత్రం ఒక దశలో అది పెరిగింది. 1880ల తొలి భాగంలో కంచెలేని ప్రభుత్వ భూముల్లో పెద్ద కంపెనీల మందలు జీతపు కౌబాయ్‌ల పర్యవేక్షణలో మేసేవి. చలికాలానికి మేత దాచే అలవాటు తక్కువ. 1886–87 శీతాకాలంలో మంచు గడ్డిని కప్పేయడంతో ఉత్తర మైదానాల్లో పశువులు గుట్టలు గుట్టలుగా చచ్చాయి. ఆ తర్వాత మందలు చిన్నవయ్యాయి, 1874లో పేటెంటు పొందిన గ్లిడెన్ ముళ్లతీగతో కంచెలు పెరిగాయి, ఎండుగడ్డి కోసి వాములు వేయడం తప్పనిసరైంది. గడ్డికోత కుటుంబమంతా దిగవలసిన పని. గడ్డిని వామి మీదికి లాగే యంత్రానికి కట్టిన గుర్రాన్ని ముందుకూ వెనక్కూ నడపడం తరచు పిల్లల వంతు. పెద్ద మంద జీతగాళ్లతో నడిస్తే, చిన్న మంద ఇంటి పిల్లలతో నడిచిందన్నమాట. గనుల వైపు దెబ్బ 1893లో తగిలింది. ఆ ఏటి ఆర్థిక సంక్షోభంలో, ప్రభుత్వం వెండి కొనాలని నిర్దేశించిన 1890 నాటి షెర్మన్ చట్టం రద్దయింది, కొలరాడో వెండి గనులు మూతపడ్డాయి. జీతం పోయిన ఇళ్లకు ఆవులూ తోటా దిక్కయ్యాయి. సరిహద్దు జీవితమే అమెరికన్ స్వభావాన్ని మలిచిందని ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ షికాగోలో ప్రతిపాదించిందీ ఆ ఏడాదే. ఆ సిద్ధాంతంలో ప్రధాన పాత్ర ఒంటరి మగవాడిది. ఇంటి లెక్కలు మాత్రం అతడి వెనక ఒక కుటుంబాన్ని చూపిస్తాయి.

చదువు

బడి విషయంలో ఈ కుటుంబాలు నిర్లక్ష్యంగా ఉన్నాయనడం పొరపాటు. బ్యానక్‌లో బంగారం దొరికిన మరుసటి ఏడాదే, 1863లో, లూసియా డార్లింగ్ అక్కడ బడి తెరిచింది. నెవాడాలోని వర్జీనియా సిటీలో 1876లో కట్టిన నాలుగంతస్తుల ఫోర్త్ వార్డ్ పాఠశాల సుమారు 1000 మంది పిల్లలకు ఉద్దేశించినది. గనివాడలు పెళ్లికాని మగవాళ్ల శిబిరాలే తప్ప అక్కడ పిల్లలెక్కడ అన్న ఆక్షేపణకు ఈ భవనమే జవాబు. తొలి ఏళ్లలో ఆ మాట నిజమే కానీ ఒక తరం గడవకముందే పరిస్థితి మారింది. అసలు తేడా గనివాడకూ రాంచ్‌కూ మధ్య ఉండేది. పట్టణంలో బడి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే, లోయలోని పిల్లలకు అది గుర్రం మీది ప్రయాణమో, చలికాలం పట్టణంలో వేరు కాపురమో అయ్యేది. ఈ దూరం 20వ శతాబ్దంలోనూ పోలేదు. సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ 1930లో పుట్టి, అరిజోనా–న్యూ మెక్సికో సరిహద్దులో తాత 1880లో నెలకొల్పిన లేజీ బీ రాంచ్‌లో పెరిగినా, చదువు కోసం ఎల్ పాసోలో అమ్మమ్మ ఇంట ఉండవలసి వచ్చింది. పట్టణంలో బంధువులున్నవారికి దొరికిన ఆ దారి అందరికీ దొరకలేదు.

ఎవరి బాల్యం?

తొలి వలస కుటుంబం అన్న మాట ఆ నేల ఖాళీగా ఉందన్న భావన కలిగిస్తుంది. అది ఖాళీగా లేదు. కామ్‌స్టాక్ గనులకు కలపగా, కట్టెలుగా పైన్ చెట్లు నరికినప్పుడు పయూట్ ప్రజలు ఆహారంగా దాచుకునే గింజల చెట్లూ పోయాయి. 1860లో పిరమిడ్ సరస్సు దగ్గర యుద్ధమే జరిగింది. పయూట్ బాలిక సారా విన్నెమక్క 1857లో జెనోవా ఊళ్లో ఆర్మ్స్‌బీ అనే తెల్ల కుటుంబం ఇంట ఉంటూ ఇంగ్లీషు నేర్చుకుంది. మూడేళ్లకు ఆ ఇంటి యజమాని అదే యుద్ధంలో చనిపోయాడు. 1883లో వెలువడిన ఆమె ఆత్మకథ అదే కాలాన్ని అవతలి గట్టు నుంచి చూపుతుంది. కాలిఫోర్నియాలో 1850 నాటి చట్టం మూలవాసుల పిల్లలను వలసదారుల ఇళ్లలో పనికి కట్టిపడేయడానికి వీలిచ్చింది. చైనా నుంచి వచ్చిన గనికూలీలకు మరో తీరు అడ్డంకి ఎదురైంది. 1875 పేజ్ చట్టం వారి స్త్రీల రాకను, 1882 బహిష్కరణ చట్టం కూలీల రాకను అడ్డుకోవడంతో చాలామందికి అక్కడ కుటుంబమే ఏర్పడలేదు. కుటుంబమంతా కలిసి కష్టపడి పైకొచ్చే అవకాశం కూడా కొందరికే చట్టం ఇచ్చిన హక్కు.

ఆక్షేపణలు, సమాధానాలు

పిల్లల శ్రమకు ఇంత ప్రాధాన్యమివ్వడం నేటి విలువలతో నిన్నటిని తూచడమేనని ఒక ఆక్షేపణ. ఆ కాలపు పిల్లలు తమ బతుకును బాధగా తలచలేదనీ, స్మృతి గ్రంథాల్లో సంతోషమే ఎక్కువనీ అంటారు. ఆ సంతోషం అబద్ధం కాదు. 1989లో ఈ విషయం మీద ప్రసిద్ధ గ్రంథం రాసిన చరిత్రకారుడు ఇలియట్ వెస్ట్, తల్లిదండ్రులకు పరాయిదైన నేల పిల్లలకు సొంతమైందని చూపించాడు. అయితే స్మృతి గ్రంథాలను సాక్ష్యంగా తీసుకునేటప్పుడు వాటి తేదీలు చూడాలి. 1875లో పుట్టి కొలరాడో గనివాడల్లో పెరిగిన ఆన్ ఎలిస్ పుస్తకం 1929లో వచ్చింది. 1890లలో క్రిపుల్ క్రీక్‌లో పెరిగిన మేబెల్ బార్బీ లీ పుస్తకం 1958లో వచ్చింది. డిఫ్తీరియాతోనో, మరో జబ్బుతోనో చిన్ననాడే పోయినవారు పుస్తకాలు రాయలేదు. పిల్లల పనిని లెక్కగట్టడం తల్లిదండ్రులను దోషులను చేయడమూ కాదు. వారికి వేరే దారులు తక్కువ. ఇంకొక ఆక్షేపణ, తూర్పు రాష్ట్రాల రైతుల పిల్లలూ ఇలాగే పనిచేశారు కదా అన్నది. పనిచేశారు, కానీ అక్కడ తండ్రి సాధారణంగా అదే పొలంలో ఉండేవాడు. ఇక్కడ ఆయన గైర్హాజరీ ఆ బతుకులోనే భాగం కనుక పనితోపాటు బాధ్యత కూడా పిల్లల మీద పడింది.

చట్టం గీసిన గీత

అందరూ కాయకష్టం చేసిన చోట ఏది తప్పు, ఏది ఒప్పు అన్న తీర్పు రాజ్యాంగాల్లో కనిపిస్తుంది. కొలరాడో 1876 రాజ్యాంగం 12 ఏళ్లలోపు పిల్లలను గనుల్లో పెట్టుకోకుండా నిషేధించాలని శాసనసభను ఆదేశించింది. మోంటానా 1889లో భూగర్భ గనులకు 16 ఏళ్ల హద్దు పెట్టింది. మందల గురించి అలాంటి వాక్యం రాయలేదు. 1938 సమాఖ్య కార్మిక చట్టం ఈ తేడాను దేశమంతటికీ వర్తింపజేసింది. తల్లిదండ్రులు సొంత పిల్లలచేత పని చేయించుకోవచ్చన్న మినహాయింపు నుంచి గనులను తీసేసి, వ్యవసాయాన్ని బడివేళలు కాని సమయంలో చాలావరకు వదిలేసింది. భూగర్భంలో ప్రమాదం ఎక్కువన్నది ఇందుకు సమంజసమైన కారణమే. అదొక్కటే కారణమైతే మదమెక్కిన ఎద్దు, బెదిరిన గుర్రం, గడ్డి యంత్రం ఉన్నచోట సొంత పిల్లలకు కూడా ఏదో ఒక హద్దు కనిపించాలి. సొంత పశువులను తోలుకెళ్లే పిల్లవాడినీ, జీతానికి కుదిరి ఊరి ఆసామి పశువులు కాసే పిల్లవాడినీ మనం ఒకే కంటితో చూడం. అమెరికన్ చట్టం చూపూ అదే. గని 19వ శతాబ్దం చివరికి కంపెనీల సొత్తయింది, రాంచ్ చాలాచోట్ల కుటుంబం చేతిలోనే మిగిలింది. 2011లో కార్మిక శాఖ వ్యవసాయంలో పిల్లల ప్రమాదకర పనులపై కొత్త నియమాలు ప్రతిపాదించినప్పుడు కుటుంబ సేద్యం దెబ్బతింటుందన్న నిరసన చెలరేగింది. 2012 ఏప్రిల్‌లో శాఖ వాటిని వెనక్కి తీసుకుంది. అంటే తొలి వలస కుటుంబాల బాల్యం ముగిసిన అధ్యాయం కాదు. ఇంటి పని ఎంతవరకు పెంపకం, ఎక్కడి నుంచి కూలి అన్న ప్రశ్నకు అమెరికా ఇచ్చుకున్న జవాబు ఆ కుటుంబాల అనుభవం నుంచే రూపు దిద్దుకుంది. పిల్లల భద్రత కన్నా ఆస్తి యాజమాన్యాన్ని కొలతగా తీసుకోవడం ఆ జవాబులోని లోపం.