కొనకుండా గడిచిన ఇల్లు

మిరపకోతకు వెళ్ళిన మన ఆడవాళ్ళు సాయంత్రం కొట్లో కారం పొట్లం కొనుక్కుని ఇంటికి వస్తున్నారు. బుట్టలల్లిన ఎరుకల ఇంట్లో ప్లాస్టిక్ బుట్ట ఉంది. ఇది చూసి కొందరు "మీవాళ్ళకు ఇల్లు నడుపుకోవడం తెలియదు" అంటారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మన చరిత్ర తెలిసినవాళ్ళు ఆ మాట అనలేరు.

ఎరుకలవారిలోని తెగల పేర్లే చూడండి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచపురి ఎరుకల. ఉప్పు మోసినవారు, కరివేపాకు అమ్మినవారు, వెదురు దబ్బలతో బుట్టలు, తట్టలు, చేటలు అల్లినవారు, నేతగాళ్ళ పడుగుకు గంజి పట్టే కుంచెలు కట్టినవారు. ప్రతి పేరు వెనకా ఒక పని ఉంది. సుగాలీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగారు. ఏనాదులు పొలాల్లో ఎలుక కన్నాలు తవ్వి, ఎలుకలు దాచుకున్న గింజల్నీ ఇంటికి తెచ్చుకున్నారు. రైతుకు ఎలుకల బెడద తగ్గేది, ఏనాది ఇంట్లో పొయ్యి వెలిగేది.

సముద్రం ఒడ్డున ఉప్పు ఎత్తుకుని గాడిదల మీద, ఎద్దుల మీద మెట్ట ఊళ్ళకు తీసుకెళ్ళేవారు. అక్కడ ఉప్పు కొలిచి ఇచ్చి గింజలు కొలిపించుకునేవారు. దారిలో పశువులకు బంజరు మేత, బుట్టలకు అడవి వెదురు. చేతిలో రూపాయి తక్కువే అయినా ఇంట్లో గింజ ఉండేది.

ఆ బతుకును మనవాళ్ళ సోమరితనం చెరపలేదు. 1805 నుంచి మద్రాసు ప్రాంతంలో ఉప్పు కుంపిణీ గుత్తసొత్తయింది. తర్వాత రైళ్ళు వచ్చాయి. 1899లో బెజవాడ–మద్రాసు రైలుదారి తెరిచాక ఉప్పు బస్తాలు బండెక్కాయి, గాడిదలకు పని పోయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురు నరకడానికీ పశువులు మేపడానికీ సర్కారు అనుమతి కావలసివచ్చింది. పని చేతిలోనే ఉంది, సరుకు మాత్రం అందకుండా పోయింది.

అలా దారి తప్పినవారికి దొరలు పెట్టిన పేరు నేరస్థ జాతి. 1911 చట్టంతో నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. పేరు నమోదు, వేలిముద్ర, హాజరు, ఊరు దాటితే చీటీ. సంతకు పోవాలన్నా అనుమతి అడగాల్సిన మనిషి వ్యాపారం ఎలా చేస్తాడు? 1913–14 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు పేరు మీద స్టూవర్టుపురం అని పేరొచ్చింది. అక్కడివాళ్ళలో చాలామంది చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలీలయ్యారు. సొంత పనివాళ్ళు ఆ రకంగా కూలివాళ్ళయ్యారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. పోయిన పనులు మాత్రం వాటంతట అవి తిరిగిరాలేదు.

తర్వాత నల్లరేగడిలో పత్తి విస్తరించింది. విత్తనం, మందు, అప్పు ఒకే దుకాణంలో దొరికాయి, పంట కూడా అతనికే చేరింది. 1987–88లో ఈ రెండు జిల్లాల్లో పురుగు పంటను తిన్నాక అప్పుల్లో మునిగిన పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కౌలుకు చేసిన మనవాళ్ళకూ ఆ దుకాణమే దిక్కు.

గుంటూరు నుంచి వలస వెళ్ళిన రైతుల వెంటే పత్తి, పురుగుమందు అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గరి పునుకులకు చేరాయి. ఆ ఊళ్ళో గిరిజన కుటుంబాలున్నాయి. అప్పు భారం పెరిగాక అక్కడి పొదుపు సంఘాల ఆడవాళ్ళు ముందుకొచ్చారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం ఇంట్లోనే తయారుచేసుకున్నారు. 2003లో తమ ఊరు పురుగుమందు వాడదని ప్రకటించుకున్నారు. వాళ్ళు మానింది మందు ఒక్కటే కాదు, అరువు కూడా.

ఆ పని మన గూడెంలోనూ చెయ్యవచ్చు. అయిదు కిలోల వేపపప్పు పొడిని పది లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, నూరు లీటర్లు చేసి కొంచెం సబ్బుపొడి కలిపితే పిచికారీకి సిద్ధం. వేపపళ్ళు ఏరడానికి ఎండాకాలంలో పిల్లలు చాలు. పత్తి, మిరప చేను గట్టున ఆముదం వేస్తే పొగాకు లద్దెపురుగు ముందు దాని మీద గుడ్లు పెడుతుంది, ఆ ఆకులు తుంచి పారేస్తే సరి. పెరట్లో బీర, చిక్కుడు, సొర పాదులకు స్నానాల నీళ్ళు మళ్ళించండి. సంకరజాతివి కాని పాదుల్లో ఒక కాయ ముదరనిచ్చి, గింజలు బూడిదలో కలిపి దాచితే మరుసటి ఏడు విత్తనం కొననక్కరలేదు.

ఇంటి పొదుపు ఒక్కటే చాలదు. సరుకు అందాలి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. 2017 సవరణతో అడవి బయట పెంచిన వెదురు అటవీ చట్టం దృష్టిలో చెట్టు కాదు. గూడెం పక్క ఖాళీ జాగాలో వెదురు నాటుకునే మాట గ్రామసభలో ఎత్తాలి.

మాస్టార్లకు ఒక విన్నపం. పిల్లలచేత నోటుబుక్కులో రెండు గడులు గీయించండి. అవ్వ ఇంట్లో చేసుకున్నవి ఒకవైపు, అమ్మ కొంటున్నవి రెండోవైపు. ప్రతిదాని పక్కన ఎప్పుడు మానేశారో, ఎందుకు మానేశారో అవ్వనే అడిగి రాయమనండి. మన చరిత్రలో ఇంకా ఎవరూ రాయని పేజీలు అక్కడే దొరుకుతాయి. తిరిగి మొదలుపెట్టగల పని ఏదో కూడా ఆ పిల్లలే చూపిస్తారు.