టీ-ఫైబర్: ఊర్లో నెట్ ఆగితే కంట్రోల్ రూమ్‌కు ఎలా తెలుస్తుంది? కేబుల్ తెగిన చోటు ఎలా దొరుకుతుంది?

రోడ్డు పనుల్లో జేసీబీ ఒక్క దెబ్బ వేస్తే చాలు.. ఊరంతా నెట్ బంద్! పంచాయతీ ఆఫీసు, స్కూలు, ఇళ్లు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. మరి ఎవరూ ఫోన్ చేయకుండానే అధికారులకు ఆ సంగతి తెలుస్తుందా?

తెలంగాణలో టీ-ఫైబర్ సేవలను 2024 డిసెంబర్ 8న మంత్రి శ్రీధర్‌బాబు ప్రారంభించారు. పైలట్ గ్రామాల్లో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఈ ప్రాజెక్టు కేబుల్ వేశారు. ఇంత పెద్ద నెట్‌వర్క్‌ను కాపలా కాసేది నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్, అంటే నాక్.

ప్రోగ్రామబుల్ నెట్‌వర్క్ అంటే?

పాత పద్ధతిలో ఏ మార్పు చేయాలన్నా ఇంజినీర్ ఒక్కో రౌటర్‌లోకి లాగిన్ కావాల్సిందే. ప్రోగ్రామబుల్ నెట్‌వర్క్‌లో అన్ని పరికరాలకూ ఒకే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ ఆదేశాలిస్తుంది. 2008లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ముందుకు తెచ్చిన ఓపెన్‌ఫ్లోతో ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. నిఘా కూడా మారింది. అప్పట్లో నాక్ కొన్ని నిమిషాలకోసారి అడిగితేనే పరికరం జవాబిచ్చేది. టెలిమెట్రీ వచ్చాక పరికరాలే సెకన్ల వ్యవధిలో తమ పరిస్థితిని పంపిస్తున్నాయి.

కరెంటు పోయిందా? కేబుల్ తెగిందా?

ఇంట్లోని ఫైబర్ మోడెమ్‌కు కరెంటు పోతే, ఆరిపోయే ముందు అది చివరి సందేశం ఒకటి పంపుతుంది. దాని పేరు 'డైయింగ్ గ్యాస్ప్'. ఆ సందేశం రాకుండానే ఒక ఊర్లోని మోడెమ్‌లన్నీ ఒకేసారి మాయమైతే కేబుల్ తెగిందని అనుమానించాల్సిందే.

అప్పుడు ఓటీడీఆర్ అనే పరికరం ఫైబర్‌లోకి కాంతిని పంపుతుంది. తెగిన చోట తగిలి అది వెనక్కి వస్తుంది. కిలోమీటరు దూరం పోయి రావడానికి పట్టేది సుమారు 10 మైక్రోసెకన్లు. 120 పడితే తెగింది 12 కిలోమీటర్ల దగ్గర అన్నమాట. అయితే మధ్యమధ్యలో కేబుల్‌ను చుట్టలుగా వదులుతారు. కాబట్టి రూట్ మ్యాప్ సరిగ్గా లేకపోతే సిబ్బంది వేరే చోట తవ్వుకోవాల్సి వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే

కంట్రోలర్ ఎంత తెలివైనదైనా ఊరికి ఒకటే దారి ఉంటే చేసేదేం లేదు. కేబుల్‌ను రింగులా వేస్తే ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి నెట్ వస్తుంది. అందుకే 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో రింగ్ పద్ధతి, రిమోట్ ఫైబర్ మానిటరింగ్, 10 ఏళ్ల నిర్వహణ చేర్చారు. ఎంత సాఫ్ట్‌వేర్ ఉన్నా తెగిన ఫైబర్‌ను అతికించడానికి మనిషి ఆ గుంత దగ్గరికి పోవాల్సిందే.

మీ ఇంట్లో నెట్ ఆగితే?

మోడెమ్ మీద 'ఎల్ఓఎస్' లైట్ చూడండి. ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్ నుంచి సిగ్నల్ రావట్లేదని అర్థం. కంప్లయింట్ ఇచ్చేటప్పుడు ఆ మాట, పక్కింట్లోనూ నెట్ ఆగిందా లేదా అన్నది చెప్తే సిబ్బందికి పని సులువవుతుంది. ఫైబర్ వైర్ పీకి దాని కొనలోకి మాత్రం చూడొద్దు. అందులోని లేజర్ కంటికి కనిపించదు, కానీ హాని చేయొచ్చు.