పసిగుండెలకు అండ.. తిరుపతి పద్మావతి హృదయాలయం

తిరుపతి: శిశువు పాలు తాగుతూ మధ్యలో ఆయాసపడి వదిలివేయడం, తాగుతున్నంతసేపూ నుదుటిన చెమటలు పట్టడం, నెలలు గడిచినా బరువు పెరగకపోవడం.. ఇటువంటి లక్షణాలను దిష్టి అనో, బాలారిష్టమనో భావించి తాయెత్తు కట్టి ఊరుకున్న కుటుంబాలు పల్లెల్లో తక్కువేమీ కాదు. వాటి వెనుక గుండె లోపం ఉండవచ్చునన్న అనుమానం వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది. నూరు మంది శిశువుల్లో సుమారు ఒకరు ఏదో ఒక గుండె లోపంతో జన్మిస్తారని వైద్యశాస్త్రం చెబుతోంది. అందరికీ శస్త్రచికిత్స అవసరం ఉండదు. చిన్న రంధ్రాలు కొన్ని వాటంతట అవే పూడుకుంటాయి. అయితే సుమారు నాలుగో వంతు మందికి మాత్రం తొలి ఏడాదిలోనే చికిత్స జరగాలి. ఆ చికిత్సను పేద కుటుంబాల పిల్లలకు సొంత రాష్ట్రంలోనే ఉచితంగా అందించాలన్న తలంపుతో తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పినదే శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం.

బర్డ్ ప్రాంగణంలో..

2021 అక్టోబరు 11న, శ్రీవారి బ్రహ్మోత్సవాల సందర్భంగా పట్టువస్త్రాలు సమర్పించేందుకు వచ్చిన నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి ఈ ఆసుపత్రిని ప్రారంభించారు. దీనికోసం కొత్త భవనం కట్టేవరకు ఆగలేదు. దేవస్థానమే నడుపుతున్న బర్డ్ ఎముకల ఆసుపత్రి ప్రాంగణంలోని పాత భవనాన్ని సుమారు రూ.25 కోట్ల వ్యయంతో తీర్చిదిద్ది, 70 పడకలతో సేవలు మొదలుపెట్టారు. పోలియోతో కాళ్లు చచ్చుబడిన పిల్లలకు ఏళ్ల తరబడి శస్త్రచికిత్సలు చేసి నడిపించిన ఆసుపత్రిగా బర్డ్‌కు పేరుంది. దేశంలో పోలియో అంతరించి ఆ అవసరం తగ్గిపోయాక, అదే ఆవరణలోకి మరో జబ్బుతో బాధపడే పిల్లలు రావడం గమనార్హం.

సమీపంలోనే స్విమ్స్ ఉండటం మరో అనుకూలత. 1986 ఏప్రిల్ 18న నాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు శంకుస్థాపన చేసిన స్విమ్స్ 1993లో సేవలు ప్రారంభించి, 1995లో విశ్వవిద్యాలయ హోదా పొందింది. పెద్దల గుండె జబ్బులకు రాయలసీమ వాసులకు అది చిరకాలంగా ఆధారం. కానీ పెద్దల గుండె వేరు, పసిగుండె వేరు. నెలల బిడ్డ గుండె ఆ బిడ్డ పిడికిలంతే ఉంటుంది. దానిపై శస్త్రచికిత్సకు వేరే పరికరాలు, వేరే అనుభవం గల శస్త్రవైద్యులు, మత్తు వైద్యులు, నర్సులు కావాలి.

రాష్ట్ర విభజనకు ముందు ఇటువంటి కేసులు ఎక్కువగా హైదరాబాదుకు వెళ్లేవి. 2014 తరువాత ఆ నగరం పొరుగు రాష్ట్ర రాజధాని అయింది. చిత్తూరు వైపు వారు రాయవేలూరు, చెన్నైలకు, అనంతపురం వైపు వారు బెంగళూరుకు, 1991 నుంచి ఉచిత శస్త్రచికిత్సలు చేస్తున్న పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రికి వెళ్లేవారు. పరాయి రాష్ట్రానికి వెళితే ఆపరేషన్ ఖర్చు ఒక్కటే కాదు. తెలియని భాష, అద్దె గది, పోయిన కూలి దినాలు కూడా లెక్కలోకి వస్తాయి. శస్త్రచికిత్స తరువాత మళ్లీ చూపించుకోవడానికి రమ్మంటే ఎందరో వెళ్లక ఊరుకోవడానికి కారణం ఇదే.

గడువు దాటితే..

ఈ జబ్బుల్లో వైద్యం ఎంత ముఖ్యమో, సమయం అంత ముఖ్యం. గుండె కింది గదుల మధ్య గోడలో పెద్ద రంధ్రం ఉన్నప్పుడు రక్తం అధిక ఒత్తిడితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల రక్తనాళాలు క్రమంగా మందమై గట్టిపడతాయి. ఆ మార్పు ముదిరిన తరువాత రంధ్రాన్ని మూయడం వల్ల మేలుకు బదులు ప్రాణహాని కలుగుతుంది. అంటే ఏడాదిలోపు నయం చేయగలిగిన జబ్బు, కొన్నేళ్ల ఆలస్యంతో ఏ వైద్యుడూ ముట్టుకోలేని జబ్బుగా మారుతుంది. ఆ దశకు వచ్చిన పిల్లల తల్లిదండ్రులకు డబ్బున్నా ఉపయోగం ఉండదు.

ఇంకొన్ని లోపాల్లో గడువు రోజుల్లోనే ఉంటుంది. గుండె నుంచి బయలుదేరే రెండు ప్రధాన ధమనులు తారుమారైన శిశువు పుట్టిన కొద్దిసేపటికే నీలంగా మారుతుంది. గర్భంలో ఉన్నప్పుడు తెరిచి ఉండే ఒక చిన్న నాళం మూసుకుపోకుండా మందు ఎక్కిస్తూ ఆసుపత్రికి చేర్చి, ధమనులను సరిచేసే శస్త్రచికిత్సను తొలి వారాల్లోనే పూర్తిచేయాలి. ఏడ్చినప్పుడు పెదవులు, గోళ్లు నీలబడటం, కొంత దూరం నడిచి గొంతుక్కూర్చోవడం మరో రకం లోపానికి గుర్తులు. వీటిలో ఏది కనిపించినా ఎకో పరీక్ష చేయించడం అవసరం. గర్భిణులకు ఐదో నెలలో చేసే టిఫా స్కాన్‌లోనే పెద్ద లోపాలు అనేకం బయటపడతాయి.

కోత లేకుండానే..

హృదయాలయంలో శస్త్రచికిత్సా మందిరాలతో పాటు క్యాథ్‌ల్యాబ్ ఉంది. తొడ వద్ద రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, గొడుగులా విచ్చుకునే చిన్న పరికరంతో రంధ్రాన్ని మూసే చికిత్స ఇక్కడ జరుగుతుంది. ఛాతీపై కోత ఉండదు, బిడ్డ కొద్ది రోజుల్లోనే ఇంటికి వెళుతుంది. రంధ్రం ఉన్న చోటు, పరిమాణం అనుకూలించనప్పుడు, లేదా లోపం సంక్లిష్టమైనప్పుడు ఛాతీ తెరిచి చేసే శస్త్రచికిత్స తప్పదు. ఆ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పనిని ఒక యంత్రం చూసుకుంటుంది. మొదటి మూడేళ్లలోనే ఇక్కడ జరిగిన చికిత్సల సంఖ్య వేలకు చేరింది.

అర్హులైన కుటుంబాలకు చికిత్స ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఉచితం. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకం ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ, 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. పేరేదైనా జనం నోట ఇప్పటికీ అది ఆరోగ్యశ్రీ కార్డే. భక్తుల విరాళాలు కూడా ఈ ఆసుపత్రికి అండగా నిలిచాయి. కోటి రూపాయలు, ఆపైన ఇచ్చే దాతలకు శ్రీవారి ఉదయాస్తమాన సేవా భాగ్యం కల్పిస్తూ 2022లో దేవస్థానం ప్రత్యేక పథకాన్ని ప్రవేశపెట్టింది. అదే ఏడాది మే 5న అలిపిరి వద్ద 350 పడకల చిన్నపిల్లల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

2023 జనవరిలో హృదయాలయంలో తొలి గుండె మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. ఉత్తరాంధ్రలో బ్రెయిన్‌డెడ్ అయిన ఒక యువతేజం గుండెను ఆ కుటుంబం దానం చేయగా, విమానంలో రేణిగుంటకు, అక్కడి నుంచి పోలీసులు ఏర్పాటు చేసిన గ్రీన్ ఛానెల్ గుండా ఆసుపత్రికి చేర్చి రాయలసీమ బాలుడికి అమర్చారు. తీసిన గుండెను నాలుగైదు గంటల్లోపు అమర్చవలసి ఉండటంతో ప్రతి నిమిషాన్నీ లెక్కించి నడిచిన కార్యమిది.

అయితే రాష్ట్రానికి ఒక చివర ఉన్న తిరుపతికి, రెండో చివర ఉన్న శ్రీకాకుళం నుంచి రైల్లో రావాలంటే రాత్రంతా పడుతుంది. రంధ్రం ఉన్న మూడేళ్ల బిడ్డ ఆ ప్రయాణం చేయగలదు. రెండు రోజుల నీలి శిశువు చేయలేదు. నవజాత శిశువులను తగిన మందులు, ప్రాణవాయువుతో తరలించే ఏర్పాట్లు జిల్లాల్లో పటిష్ఠమైతేనే ఈ ఆసుపత్రి ఫలం అందరికీ సమానంగా దక్కుతుంది.

ఎలా సంప్రదించాలి?

అంగన్‌వాడీలు, పాఠశాలల్లో పిల్లలను పరీక్షించేందుకు 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. ఆ బృందాలు గుర్తించిన పిల్లలను పెద్దాసుపత్రులకు పంపుతాయి. తల్లిదండ్రులు నేరుగా కూడా ఓపీకి రావచ్చు. బియ్యం కార్డు, ఆధార్, బిడ్డ జనన ధ్రువపత్రంతో పాటు పాత ఎకో రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు వెంట తెచ్చుకోవాలి. బిడ్డకు జ్వరం, జలుబు ఉంటే శస్త్రచికిత్సను వాయిదా వేసే అవకాశం ఉంది కనుక ఆ సంగతి ముందే వైద్యులకు చెప్పాలి. చికిత్స తరువాత వైద్యులు సూచించిన తేదీల్లో తిరిగి చూపించడం మానరాదు. పంటి చికిత్సకు వెళ్లినా, గుండెకు ఆపరేషన్ జరిగిన విషయం పంటి వైద్యునికి తప్పక తెలియజేయాలి.