పాత ఇనప సామాన్లు కొంటాం!

మీలో ఎంతమందికి గుర్తుందో తెలీదు గానీ, మా ఊళ్ళో వేసవి సెలవుల్లో మధ్యాహ్నం అందరికీ కునుకు పట్టే టైముకి కరెక్టుగా ఒక కేక వినపడేది. "పాతినప సామాన్లకి ఉల్లిపాయలూ..." అని. విరిగిన కొడవలి, చిల్లుపడ్డ బకెట్టు, సైకిలు చైను, ఏది పట్టుకెళ్ళినా తక్కెట్లో వేసి ఉల్లిపాయలు తూచేవాడు. పిల్లలు తెస్తే పీచుమిఠాయి. పనిచేస్తున్న బావి గిలకని పీచుమిఠాయికి అమ్మేసి నేను తిన్న తన్నుల గురించి ఇంకెప్పుడైనా రాస్తాను.

మాది జంపని. తెనాలిలో రేపల్లె బండెక్కితే వేమూరుకి ముందొచ్చే స్టేషను. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ వాళ్ళింటి అటక ఖాళీ చేసే పని నా నెత్తిన పడింది. ఆవిడ పోయి రెండేళ్ళయింది, ఇల్లు అద్దెకిద్దామని మావయ్య ఆలోచన. దించుతుంటే ఒక మ్యూజియమే దిగింది. గుండిగలు, బిందెలు, మరచెంబు, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలు, కాలిపోయిన మోటారు, రెండు కుక్కర్లు. పాతసామాన్ల ఆయన్ని పిలిపించాం. ఇప్పుడు కేకల్లేవు, ఆటోకి మైకు కట్టి రికార్డు వేస్తున్నారు.

ఆయన పని మొదలెట్టాక ఇంజనీరింగు చదివిన నా పరువు నిమిషాల్లో పోయింది. జేబులోంచి పాత స్పీకరు అయస్కాంతం తీసి ఒక్కో వస్తువుకీ ఆనించి పక్కకి పెడుతున్నాడు. ఒక స్టీలు బేసిన్‌కి అంటుకోలేదు. "బాబాయ్, ఇది స్టీలు కాదా అయితే?" అన్నాను. ఆయన నవ్వి, "అంటుకోనిదే మంచి స్టీలు బాబూ. అంటుకుంటే రేటు తక్కువ" అన్నాడు. తర్వాత చూసుకుంటే నిజమే. స్టెయిన్‌లెస్ స్టీలులో సరిపడా నికెల్ కలిపితే లోపలి స్ఫటిక నిర్మాణం మారిపోయి అయస్కాంతానికి లొంగదు. నికెల్ లేని, క్రోమియం మాత్రమే ఉన్న రకం అంటుకుంటుంది. (నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకం కూడా అంటుకోదనుకోండి, అక్కడ ఆయన కూడా మోసపోతాడేమో.) ఇది మాకు మెటీరియల్ సైన్సులో ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను!

మోటారు విప్పి తీగని కత్తితో గీకాడు. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా ఉంటే రాగి రంగు వేసుకున్న అల్యూమినియం. కుక్కర్ని చేత్తో ఎత్తి చూడగానే తేల్చేశాడు. మా వైపు అల్యూమినియాన్ని "సిల్వరు" అంటారు, వెండికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అన్నట్టు ఖనిజం నుంచి కొత్తగా తీసే కరెంటుతో పోలిస్తే, పాత అల్యూమినియం కరిగించడానికి అందులో సుమారు 5 శాతం చాలు. ఆ కుక్కరు మళ్ళీ గిన్నో, ఇంజను భాగమో అవుతుంది. పోత ఇనుమైతే సుత్తితో కొడితే వంగదు, పుటుక్కున విరుగుతుంది. గ్రైండరుకి ఆనిస్తే నిప్పురవ్వలు పొట్టిగా ఎర్రగా వస్తాయి, మామూలు ఇనుముకైతే పొడుగ్గా తేటగా వస్తాయి. రాగి, ఇత్తడికి రవ్వలే రావు.

చూపుకీ చేతికీ చెవికీ అందనిది మాత్రం ఒకటుంది. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఏళ్ళ తరబడి వాడని ఒక ప్రయోగశాల పరికరాన్ని వేలంలో అమ్మేసింది. అది మాయాపురి పాతసామాన్ల బజారుకి చేరింది. లోపలున్నది కోబాల్ట్-60, రేడియోధార్మిక పదార్థం. దాన్ని కోసినవాళ్ళకి అది తళతళలాడే ఇంకో లోహం, అంతే. ఒకతను చనిపోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. చదువుకున్నవాళ్ళు రాయని లేబులుకి చదువుకోనివాళ్ళు బలయ్యారు.

సరే, మా వాకిట్లోకి వద్దాం. అడుగున ఒక పళ్ళెం మిగిలింది. నేను ఇత్తడి కుప్పలో వేశాను. ఆయన తీసి, అంచు పట్టుకుని వేలితో మీటాడు. ఖంగుమని మోగింది, ఇత్తడి గిన్నెలా ఠక్కున ఆగిపోకుండా చాలాసేపు. "ఇది ఇత్తడి కాదు బాబూ, కంచు. జారిందంటే పగులుద్ది" అన్నాడు. ఇత్తడి అంటే రాగిలో తుత్తునాగం, కంచు అంటే రాగిలో తగరం. కంచాల కంచులో తగరం ఐదో వంతుకి పైగా ఉంటుంది. ఆ మోతా, ఆ పెళుసుదనమూ దాని చలవే. రేటు ఎక్కువ. అలాంటిది ఇత్తడి లెక్కలో తూకం వేయించుకుని పోగలడు, కానీ చెప్పాడు. వెనక్కి తిప్పి చూస్తే అంచు మీద చుక్కలు చుక్కలుగా మా అమ్మమ్మ పేరు, పుట్టింటి ఇంటిపేరుతో.

నాకు అక్కడ ఆగిపోయింది పని.

ఎందుకంటే మా అమ్మమ్మ పేరు ఆ ఇంటిపేరుతో ఇంకెక్కడా లేదు. పొలం కాగితాల్లో తాతయ్య పేరు. రేషను కార్డులో, ఓటరు లిస్టులో అత్తింటి పేరు. బడికి వెళ్ళింది లేదు. పెళ్ళిలో సారెగా ఇచ్చిన సామాను మీద వాళ్ళ నాన్న కొట్టించిన ఆ చుక్కలే ఆవిడ పుట్టింటి రికార్డు. మన ఊళ్ళలో ఆడవాళ్ళ పేర్లు ఎక్కువగా రాసింది కాగితాల మీద కాదు, గిన్నెల మీద.

మరి ఆ గిన్నెలన్నీ ఏమయ్యాయి? స్టీలు తినేసింది. 1960ల తర్వాత స్టీలు గిన్నెలు పల్లెలకి చేరాయి. 1980ల మొదట్లో సేలంలో ప్రభుత్వ కర్మాగారం స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు తీయడం మొదలెట్టింది. ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే చిలుము దిగి కషాయమవుతుంది, అందుకని కళాయివాళ్ళు వీధిలో కొలిమి పెట్టి నవాసాగరం చల్లి తగరం పూసేవాళ్ళు. స్టీలుకి ఆ బాధ లేదు, చింతపండుతో తోమే పనీ లేదు. బరువైన బిందెలు ఇచ్చి తేలికైన స్టీలు బిందెలు తెచ్చుకున్నారు. నేను వాళ్ళని తప్పుపట్టను, రోజూ తోమింది నేను కాదు కదా.

ఇది కొత్తేమీ కాదు. లోహం పక్కన పారేసేది కాదు కాబట్టి ఎప్పుడూ కరిగిస్తూనే ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో రాగి కరువొస్తే ప్రభుత్వం 1943లో మధ్యలో చిల్లున్న కాణీలు వేసింది. 2007లో మన స్టీలు నాణేలు కరిగించి బ్లేడ్లు చేయడానికి బంగ్లాదేశ్‌కి దాటిస్తున్నారని వార్తలొచ్చాయి, నాణెం విలువ కంటే అందులో లోహం విలువ ఎక్కువై. మా జిల్లాలోనే (2022 నుంచి మాది బాపట్ల జిల్లా) కర్లపాలెం మండలం బుద్దాంలో 6-8 శతాబ్దాల నాటి బౌద్ధ కంచు విగ్రహాలు దొరికాయి. చాలావరకు 1905 నుంచి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అంతకు ఎన్నో రెట్లు కరిగి గంటలు, చెంబులు అయిపోయి ఉంటాయని నా అనుమానం. ఇవి భూమిలో ఉండబట్టి బతికాయి. మా రైలు దారిలోనే ఉన్న భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రియా స్తూపం లోపలి పేటికల్లో బంగారు పూలు చూశాడంటే కారణం అదే. బయట కనపడిన స్తూపాన్ని అప్పటికే రోడ్లకి తవ్వేశారు.

మన భాషలో చెప్పాలంటే కరిగించడం డిస్కు ఫార్మాట్ చేయడం. హార్డ్‌వేర్ ఎన్నిసార్లైనా పనికొస్తుంది, డేటా మాత్రం ఒక్కసారికే పోతుంది. బ్యాకప్ లేదు.

కరిగించకుండా వాడేవాళ్ళూ ఉన్నారండోయ్. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర పాత నట్లు, బోల్టులు, చైన్లు వెల్డింగు చేసి విగ్రహాలు చేస్తారు. 2021లో రెండు టన్నుల తుక్కుతో 14 అడుగుల మోదీ విగ్రహం చేశారు. దగ్గరికెళ్ళి చూస్తే ఏది ఏ బండి భాగమో గుర్తుపట్టొచ్చు, నాకు నచ్చేది అదే.

కంచం నేను ఉంచుకున్నాను. మిగతావి తూకం వేశాడు. ఆటోలో చూస్తే ఒక గోతాం నిండా పక్క ఊళ్ళ ఇత్తడి. "బాబాయ్, ఒక్కసారి ఇవి తిప్పి చూడనా?" అంటే వింతగా చూశాడు గానీ కాదనలేదు. వాకిట్లో బోర్లించి ఫోనుతో ఫొటోలు తీశాను. పదకొండు పేర్లు. పన్నెండో చెంబు మీద "చి.ల.సౌ." వరకే కనపడుతోంది, తర్వాతది తోమి తోమి అరిగిపోయింది. వెలుగు పక్కనుంచి పడేలా తిప్పి మళ్ళీ తీస్తుంటే ఆయన గోతాం నోరు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు, "తొందరగా కానీ బాబూ, చీకటి పడే లోపు తెనాలి చేరాల" అంటూ.