పుంగనూరు ఆవు వంశక్రమం: ఆకారం చెప్పేది, డీఎన్ఏ చెప్పేది

పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోలు. వెడల్పాటి నుదురు, పొట్టి కొమ్ములు, దాదాపు నేలను తాకే తోక కుచ్చు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుంగనూరు, మదనపల్లె, వాయల్పాడు, పలమనేరు ప్రాంతాలే దీనికి పుట్టిల్లు. కేరళలోని వెచ్చూరు ఆవుదీ ఇంచుమించు ఇదే ఎత్తు. అంతమాత్రాన ఈ రెండిటికీ దగ్గరి చుట్టరికం అంటగట్టలేం. మేత తక్కువైన చోట చిన్న ఒళ్లున్న పశువుకే బతుకు తేలిక కనుక, పొట్టితనం రెండు చోట్లా విడివిడిగా వచ్చి ఉండవచ్చు.

సరే, మరి మూపురం? గంగడోలు? అవి పుంగనూరుకు ఉన్నాయి, ఒంగోలుకు ఉన్నాయి, కర్ణాటక జాతి హల్లికార్‌కూ ఉన్నాయి. మూపురపు పశువులన్నిటినీ మూపురం లేని ఐరోపా జాతి జెర్సీ నుంచి వేరు చేయడానికి అవి పనికొస్తాయి. ఆ పశువుల్లో ఏది దేనికి దగ్గరో తేల్చడానికి పనికిరావు. ఒక శాఖలో కొత్తగా పుట్టి, ఆ శాఖకే పరిమితమైన మార్పు కావాలి. అలాంటి మార్పులు ఒంటి మీదకన్నా డీఎన్ఏలో ఎక్కువ దొరుకుతాయి. ఏది పాత అక్షరమో, ఏది కొత్తదో తెలియడానికి అడవిదున్న వంటి దూరపు బంధువును పక్కన పెట్టి పోల్చుతారు.

పశువుల కణాల్లోని మైటోకాండ్రియా డీఎన్ఏలో సుమారు 16,338 అక్షరాలున్నాయి. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. 1994లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు ఈ డీఎన్ఏను పోల్చి, ఐరోపా పశువుల తల్లివరుస, భారతీయ పశువుల తల్లివరుస మచ్చిక కావడానికి లక్షల ఏళ్ల ముందే విడిపోయాయని చూపారు. అదే అధ్యయనంలో మరో చిత్రం బయటపడింది: ఆఫ్రికాలోని మూపురపు పశువుల తల్లివరుస భారతీయం కాదు. ఆసియా నుంచి వెళ్లిన ఆంబోతులు అక్కడి ఆవులతో కలిసిన ఫలితం అది. మన ఒంగోలు ఆంబోతుల సంతతిగా పేరుపడ్డ బ్రెజిల్ నెలోర్ మందల్లోనూ చాలావాటికి తల్లివరుస ఐరోపాదే.

చిత్తూరు పల్లెల్లో ఇదే కథ తిరగబడి నడుస్తోంది. ఎదకొచ్చిన పుంగనూరు ఆవుకు జెర్సీ వీర్యంతో సూది (కృత్రిమ గర్భధారణ) వేయించారనుకుందాం. పుట్టిన పెయ్యలో పుంగనూరు వాటా సగం. దానికీ, దాని కూతురికీ జెర్సీయే వేయిస్తే మూడో తరానికి ఆ వాటా సుమారు ఎనిమిదో వంతు. మైటోకాండ్రియా మాత్రం చెక్కుచెదరదు. దాన్నొక్కదాన్నే చదివినవాడు ఆ మూడో తరం పెయ్యను అసలు సిసలు దేశవాళీ అనేస్తాడు. కోడెదూడ పుడితే తండ్రి నుంచి వచ్చే వై క్రోమోజోమ్ గుట్టు విప్పుతుంది. మూపురపు జాతుల వై క్రోమోజోమ్‌లో సెంట్రోమియర్ (క్రోమోజోమ్ నొక్కుకున్నట్టుండే చోటు) ఒక కొసన ఉంటుంది, జెర్సీ వంటి ఐరోపా జాతుల్లో మధ్యకు జరిగి ఉంటుంది. పెయ్యకు ఆ ఆధారమూ లేదు. మొత్తం జన్యుసంచయం నలుమూలల నుంచి గుర్తులు తీసుకుని చూడాల్సిందే.

ఇలా జాతులు కలిసిపోయే చోటే, బంధుత్వాన్ని కొమ్మలుగా చూపే చెట్టు బొమ్మ చిక్కులో పడుతుంది. పులి, ఆవు విడిపోయాక మళ్లీ కలవలేదు కాబట్టి వాటికి కొమ్మలు గీయవచ్చు. పశుజాతుల సంగతి వేరు. కుప్పం దాటితే ఒకవైపు కర్ణాటక, మరోవైపు తమిళనాడు. సరిహద్దు రాళ్లు పశువుల కలయికను ఆపవు. ఒకే జీవజాతిలోని పశుజాతుల మధ్య బంధుత్వం వలలాంటిది. దాన్ని బలవంతంగా చెట్టుగా గీసిన పటాలను నమ్మడానికి నేను తటపటాయిస్తాను.

2024 సంక్రాంతికి ప్రధాని పుంగనూరు ఆవులకు మేత పెట్టిన చిత్రాలు వచ్చాక వీటి పేరు దేశమంతా పాకింది. అయితే టేపు పెట్టి ఎత్తు కొలిచి స్వచ్ఛతకు హామీ ఇవ్వడం శాస్త్రం కాదు. పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఈ జాతి మందను పోషిస్తోంది. పోల్చుకోవడానికి అలాంటి మంద ఉండనే ఉంది. పెంపకందారులు ప్రతి దూడకూ తల్లి, తండ్రి వివరాలు రాసిపెట్టాలి. కుదుళ్లతో సహా పీకిన నాలుగు తోక వెంట్రుకలు పొడి కాగితపు కవరులో దాచితే చాలు, ప్రయోగశాలకు డీఎన్ఏ దొరుకుతుంది.