అంబారీ లేని ఏనుగు

స్పెయిన్ వచ్చిన కొత్తలో మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఏదో గోడ మీంచి తెచ్చిన ఒక ఏనుగు బొమ్మ చూశాను. వీపు మీద అంబారీ ఉండాల్సిన చోట ఏకంగా కోట ఉంది, బురుజులతో సహా. గీసినవాడు ఏనుగును కళ్లతో చూసి ఉండడు. గుడి ఏనుగుకు అరటిపండు పెట్టిన మన పిల్లలెవరైనా ఆ మాట చెప్పేస్తారు. అది ఏ గోడ మీదిదో చూడాలని అప్పుడే అనుకున్నా, కదలడానికి నాకు ఏళ్లు పట్టింది.

ఆ గోడ సోరియా జిల్లాలో ఉంది. కారులో రెండు గంటల దారి. జిల్లా మొత్తం కలిపి లక్ష మంది లేరు. బెర్లాంగా అనే చిన్న ఊరు దాటాక బీడు నేలలో ఒంటరిగా నిలబడి ఉంటుంది శాన్ బౌదెలియో ఎర్మిత.

ఎర్మిత అంటే ఊరి బయట ఉండే చిన్న గుడి. రోజూ ప్రార్థనలు జరగవు. ఏడాదికోసారి ఊరంతా నడుచుకుంటూ వెళ్తారు. దాన్ని రొమెరీయా అంటారు. విగ్రహాన్ని భుజాల మీద ఊరేగిస్తారు, పూజ కాగానే గడ్డి మీద దుప్పట్లు పరిచి తిండీ వైనూ పాటలూ. మన పొలిమేర అమ్మవారి జాతరకు దగ్గరి చుట్టంలా ఉంటుంది, కోడీ మేకా లేవంతే. గుడిని కనిపెట్టుకుని ఉండేవాణ్ణి సాంతేరో అంటారు. సోరియా పట్టణం పక్కన దుయేరో నది మీది గుట్టను ఆనుకుని ఉన్న శాన్ సతూరియో ఎర్మిత సాంతేరో మీద గాయా నూన్యో అనే రచయిత 1953లో ఒక పుస్తకమే రాశాడు. ఆ సతూరియో గుహలో తపస్సు చేసుకున్న సన్యాసి అని చెబుతారు. అక్టోబరు 2న ఆయన పండగ.

మన బౌదెలియో గుడికీ ఒక గుహ ఉంది. ముందు గుహ, తర్వాతే గుడి అని ఇక్కడివాళ్ల నమ్మకం. 11వ శతాబ్దం చివర కట్టారు. అంతకు ముందు చాలాకాలం ఈ దుయేరో ఒడ్డే ముస్లిం రాజ్యాలకూ క్రైస్తవ రాజ్యాలకూ సరిహద్దు. కోటలు చేతులు మారుతూనే ఉండేవి. గుడి చూస్తే ఆ చరిత్ర అర్థమవుతుంది. ఫ్రాన్స్‌లోని నీమ్‌లో చనిపోయిన క్రైస్తవ అమరుడి పేరు, వాకిలికేమో మూరుల గుర్రపునాడా కమాను. బయటికి ధాన్యం కొట్టులా ఉంటుంది. లోపల అడుగు పెడితే మధ్యలో ఒక్కటే స్తంభం, దాని తల నుంచి ఎనిమిది కమానులు ఖర్జూర మట్టల్లా విచ్చుకుని కప్పును మోస్తుంటాయి. వెనక భాగంలో పొట్టి స్తంభాల మీద చిన్న మేడ, మసీదులోంచి ఓ ముక్క తెచ్చి పెట్టినట్టు.

12వ శతాబ్దంలో ఆ గోడలన్నీ బొమ్మలతో నిండిపోయాయి. క్రీస్తు కథతో పాటు వేటగాళ్లు, కుందేళ్లు, ఎలుగుబంటి, ఒంటె, మన ఏనుగు. తర్వాత్తర్వాత గుడి రైతుల సొత్తయింది, గొర్రెల దొడ్డిగా కూడా పనికొచ్చింది. 1917లో ప్రభుత్వం జాతీయ కట్టడమని ప్రకటించింది. 1922లో దాని యజమానులైన ఊరివాళ్లు ఆ బొమ్మలను లియోన్ లెవీ అనే పురావస్తువుల వ్యాపారికి 65,000 పెసెతాలకు అమ్మేశారు. గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1925లో తీర్పు ఊరివాళ్లవైపే వచ్చింది, 1926లో బొమ్మలు లేచిపోయాయి.

లేచిపోవడమంటే అక్షరాలా అదే. జిగురు పట్టించిన గుడ్డను గోడకు అతికించి, ఆరాక లాగుతారు. రంగు పొర గుడ్డతో ఊడి వస్తుంది. అలా వలిచిన గోడ ముక్కలుగా అమెరికా చేరింది: న్యూయార్క్, బోస్టన్, సిన్సినాటి, ఇండియానాపొలిస్.

ఊరివాళ్లను తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకంత తేలిగ్గా నోరు రాదు. రాతి నేల మీద బతికే రైతుకు 65,000 అంటే ఏమిటో నాకు తెలుసు. ప్రకటన కాగితం గొర్రెలకు మేత పెట్టదు కదా. నాకు మింగుడుపడనిది 1957 నాటి బేరం. న్యూయార్క్ మ్యూజియం ఆరు బొమ్మలను మాడ్రిడ్‌కు ఇచ్చింది, ఏనుగు అలాగే తిరిగొచ్చింది. బదులుగా సెగోవియా జిల్లా ఫ్వెంతిదువేన్యాలో శిథిలమవుతున్న శాన్ మార్టిన్ చర్చి గర్భగుడిని దాదాపు 3,300 రాళ్లుగా విప్పి ఓడెక్కించారు. ఒక గుడి గాయానికి ఇంకో గుడి చర్మం.

బౌదెలియో గోడల మీద రంగు పూర్తిగా పోలేదు. తడి ఆరిన మరకల్లా ఆకారాలు మిగిలాయి. ఏనుగు ఎక్కడుండేదో చూపించమని తలుపు తీసే ఆవిణ్ణి అడిగాను. చూపించి, నాది ఇండియా అని తెలిశాక, నిజం ఏనుగులు కోటల్ని మోస్తాయా అని అడిగింది.

"మనుషుల్ని మోస్తాయి. పండగలప్పుడు దేవుణ్ణి" అన్నాను.

"మాకు ఏనుగుల్లేవు, అందుకే మేమే మోస్తాం" అంటూ తాళంచెవి తీసింది. మూసే వేళయింది.