మత్తుమందులు – ఒత్తిడి హార్మోన్లు

మత్తుమందులు మెదడు చురుకుదనాన్ని తగ్గించి, ఆందోళనను అణచి, నిద్ర పట్టించే ఔషధాలు. ఆరోగ్యవంతుల్లో కూడా ఇవి కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్ల స్థాయిని మారుస్తాయి. తెలంగాణలో కల్తీ కల్లు ద్వారా ఇవి తాగేవారికి తెలియకుండానే ఒంట్లోకి చేరుతున్నాయి.

హార్మోన్ల తీరు

భయం, నొప్పి కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను వదులుతుంది. దాని ప్రేరణతో పీయూష గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్, ఆపై అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ వెలువడతాయి. మామూలుగా కార్టిసాల్ ఉదయం ఎక్కువగా, అర్ధరాత్రి వేళ అతి తక్కువగా ఉంటుంది.

మందుల ప్రభావం

ఆల్ప్రాజోలం, డైజీపాం బెంజోడయాజిపైన్ తరగతికి చెందినవి. ఇవి గాబా అనే నాడీ రసాయనానికి బలం చేకూర్చి మెదడు ఉద్రేకాన్ని తగ్గిస్తాయి. ఆరోగ్యవంతులపై జరిపిన పరీక్షల్లో ఆల్ప్రాజోలం ఏసీటీహెచ్, కార్టిసాల్ రెండింటినీ తగ్గించింది. శస్త్రచికిత్సల్లో వాడే ఎటోమిడేట్ దారి వేరు. అది అడ్రినల్ గ్రంథిలోనే 11-బీటా హైడ్రాక్సిలేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. ఒక్క మోతాదుతోనే కార్టిసాల్ తయారీ గంటల తరబడి కుంటుపడుతుంది.

కల్తీ కల్లు

ములకలపల్లి వంటి ఖమ్మం–భద్రాచలం అడవి అంచు ప్రాంతాల్లో తాటికల్లు పాత అలవాటు. చెట్టు నుంచి దించిన కల్లుకు మత్తు పులిసినప్పుడు పుట్టే ఆల్కహాలు వల్లే వస్తుంది. కల్తీ కల్లులో మాత్రం ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ తాగితే మెదడు ఆ మందుకు అలవాటుపడుతుంది. అది ఒక్కసారిగా ఆగితే అణిగి ఉన్న ఒత్తిడి వ్యవస్థ ఎగసిపడి వణుకు, గుండెదడ, నిద్రలేమి, పొంతనలేని మాటలు, ఫిట్స్ మొదలవుతాయి. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీపై దాడుల తర్వాత ఇలాంటి లక్షణాలతో ఎందరో ఆసుపత్రుల్లో చేరారు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బాధితుల తాకిడి పెరిగింది.

చికిత్స, చట్టం

కల్తీ కల్లుతో అలవాటైన ఈ మందులను డాక్టర్ పర్యవేక్షణలో మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించాలి. మందు తగ్గించిన కార్టిసాల్‌ను చూసి ఒత్తిడి నయమైందనుకోకూడదు. ఆల్ప్రాజోలం, డైజీపాం మాదకద్రవ్యాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోకి వస్తాయి. కల్లు మానగానే ఫిట్స్, పిచ్చి చూపులు కనిపిస్తే భూతవైద్యం జోలికి పోకుండా బాధితుణ్ని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆలస్యమైతే ప్రాణాలకే ముప్పు.